చేప కుళ్లకుండా ఆపేదేమిటి? పొగ, ఉప్పు, ఐసు మధ్యలోకి ఫార్మాలిన్ ఎందుకొచ్చింది?

2018 జూన్‌లో కేరళ ఆహార భద్రత విభాగం అధికారులు 'ఆపరేషన్ సాగర్ రాణి' పేరుతో సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర చేపల లారీలను ఆపి తనిఖీలు చేశారు. కొల్లం జిల్లా ఆర్యంకావు దగ్గర సుమారు 9,600 కిలోల సరుకులో ఫార్మాలిన్ ఆనవాళ్లు కనిపించాయని ప్రకటించారు.

ఆ వార్త కేరళలోనే ఆగిపోలేదు. జులైలో గోవా ప్రభుత్వం బయటి రాష్ట్రాల చేపలపై 15 రోజుల నిషేధం విధించింది. అస్సాం 10 రోజుల పాటు చేపల దిగుమతిని ఆపేసింది. మరికొన్ని ఈశాన్య రాష్ట్రాలూ అదే దారి పట్టాయి.

అస్సాం నిషేధంలో ప్రధానంగా వినిపించిన పేరు ఆంధ్రప్రదేశ్. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె చేపలు ఐసు పెట్టిన ట్రేలలో పశ్చిమ బెంగాల్, బిహార్, అస్సాం వరకూ లారీల్లో వెళ్తాయి. ఫార్మాలిన్ కలుపుతున్నారన్న ఆరోపణను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, రైతులు ఖండించారు. అయితే మార్కెట్ మూసుకుపోయిన ఆ రోజుల్లో పట్టుబడికి వచ్చిన చేపను ఏం చేయాలన్నది రైతు ముందున్న అసలు ప్రశ్న. ధర వచ్చేదాకా ధాన్యాన్ని గోదాములో పెట్టుకోవచ్చు. చేపను అలా ఉంచలేరు.

ఇంతకీ చేప ఎందుకంత త్వరగా పాడవుతుంది? దాన్ని ఆపడానికి మనుషులు కనిపెట్టిన పద్ధతుల్లో ఏవి సురక్షితం, ఏవి కావు? ఫార్మాలిన్ దొరికిందని చెప్పినప్పుడు అది ఎప్పుడూ కల్తీయేనా?

మేక మాంసం కన్నా చేప ఎందుకు ముందు చెడుతుంది?

బతికున్న చేప కండలో సాధారణంగా బాక్టీరియా ఉండదు. చర్మం మీద, మొప్పల్లో, పేగుల్లో మాత్రం లక్షల సంఖ్యలో ఉంటుంది. చేప చచ్చాక రోగనిరోధక శక్తి ఆగిపోతుంది. చేప సొంత ఎంజైములే కండను కరిగించడం మొదలుపెడతాయి. ఆ తర్వాత బాక్టీరియా లోపలికి చొచ్చుకుపోతుంది.

మేక, కోడి మాంసంతో పోలిస్తే చేప కండను పట్టి ఉంచే కణజాలం పలుచగా ఉంటుంది. జంతువు చచ్చాక కండలోని గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారి మాంసానికి కొంత పులుపు వస్తుంది. ఆ పులుపు బాక్టీరియాను కొంతవరకు అడ్డుకుంటుంది. వలలో గింజుకుని గింజుకుని చచ్చే చేపలో గ్లైకోజెన్ అప్పటికే చాలావరకు ఖర్చయిపోతుంది. కాబట్టి ఆ రక్షణ తక్కువ. పైగా చేప నూనెలు గాలి తగిలితే త్వరగా కంపు కొట్టే రకం.

సముద్రపు చేపల్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. ఉప్పు నీటిలో శరీరంలోని నీటి సమతుల్యాన్ని కాపాడుకోవడానికి చేపకు అది అవసరం. దానికి వాసన లేదు. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. మనం 'నీచు కంపు' అనేది చాలావరకు దీని వాసనే. ఈ ఆక్సైడ్ గురించి మళ్లీ చెప్పుకోవాలి. ఫార్మాలిన్ వివాదంలో అది కీలకం.

చేప ఎంత వేగంగా చెడుతుందన్నది ముఖ్యంగా ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. ఆహార శాస్త్రవేత్తలు వాడే లెక్క ప్రకారం సున్నా డిగ్రీల దగ్గర చేప చెడే వేగాన్ని ఒకటి అనుకుంటే, 10 డిగ్రీల దగ్గర అది 4 రెట్లు, 20 డిగ్రీల దగ్గర 9 రెట్లు అవుతుంది. అంటే ఐసులో 12 రోజులు నిలిచే చేప 10 డిగ్రీల దగ్గర 3 రోజులే నిలుస్తుంది. మన ఎండాకాలంలో ఐసు లేకుండా గట్టు మీద పెడితే పూట గడవకముందే పాడైపోతుంది.

పొగ ఎలా పనిచేస్తుంది?

ఐసు ఫ్యాక్టరీలు రాకముందు చేపను నిలవ చేయడానికి మనుషులకు ఉన్న దారులు నాలుగే: ఎండ, ఉప్పు, పొగ, పులియబెట్టడం. ఎండ, ఉప్పు చేసే పని ఒకటే. చేపలోని నీటిని లాగేస్తే బాక్టీరియా బతకలేదు.

ఎండలు బాగా కాసే తెలుగు తీరంలో ఈ రెండే ప్రధానంగా నిలబడ్డాయి. నెత్తళ్లు, సావళ్లు, కవళ్లు ఇసుక మీదో వలల మీదో ఎండుతుండటం ఏ మత్స్యకార గ్రామంలోనైనా కనిపించే దృశ్యమే. వర్షాలు, తేమ ఎక్కువగా ఉండే ఈశాన్య రాష్ట్రాల్లో పొయ్యి మీద వేలాడదీసి పొగబెట్టిన చేపకు, పులియబెట్టిన చేపకు వంటలో పెద్ద స్థానం ఉంది. ఇంఫాల్‌లో మహిళలు నడిపే ఇమా మార్కెట్‌లో పొగచేపలు, ఎండుచేపలు, పులియబెట్టిన 'ఙారి' పక్కపక్కనే అమ్ముతారు.

లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవిది ఇంకో పద్ధతి. అక్కడ ట్యూనాను ముక్కలుగా కోసి, ఉప్పు నీటిలో ఉడికించి, పొగబెట్టి, చివరికి ఎండబెడతారు. కట్టెముక్కలా గట్టిపడే ఈ 'మాస్' నెలల తరబడి నిలుస్తుంది. మాల్దీవుల్లోనూ ఇదే పద్ధతి. అక్కడి నుంచి శ్రీలంకకు వెళ్లి 'ఉంబలకడ' పేరుతో పొడిగానో, తునకలుగానో కూరల్లో పడుతుంది. దీవుల్లో ఐసు లేదు, పెద్ద మార్కెట్ లేదు. దొరికిన ట్యూనా మొత్తాన్ని ఒకేసారి తినలేరు. ఆ అవసరంలోంచి పుట్టిన పద్ధతి ఇది.

పొగబెట్టినప్పుడు మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. వేడికి చేప పైపొర ఉడుకుతుంది, నీరు తగ్గుతుంది. పొగలోని ఫినాళ్లు కొవ్వు చెడకుండా కాపాడతాయి. పొగలోని ఆమ్లాలు, ఆల్డిహైడ్లు బాక్టీరియాను అడ్డుకుంటాయి.

ఆ ఆల్డిహైడ్లలో ఫార్మాల్డిహైడ్ కూడా ఒకటి. దాన్నే నీటిలో కలిపితే ఫార్మాలిన్ అంటారు. అంటే కట్టెల పొగలో తాతల కాలం నుంచీ కొద్ది మోతాదులో ఉన్న రసాయనమే నేడు సీసాలో పెద్ద మోతాదులో దొరుకుతోంది. తేడా అంతా మోతాదులోనే ఉంది.

అలాగని పొగ పూర్తిగా నిరపాయకరం కాదు. కట్టె సరిగా మండకపోతే బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారక పదార్థాలు తయారవుతాయి. చేప కొవ్వు నేరుగా నిప్పుల మీద కారితే అవి ఇంకా పెరుగుతాయి. యూరోపియన్ యూనియన్ పొగచేపల్లో బెంజోపైరీన్ పరిమితిని కిలోకు 5 మైక్రోగ్రాముల నుంచి 2 మైక్రోగ్రాములకు 2014లో తగ్గించింది. పొగ వాసన కోసం ఆహారంలో కలిపే 8 రకాల ద్రవాలకు అనుమతిని కొనసాగించకూడదని 2024లో నిర్ణయించింది.

నిప్పును, చేపను వేరుగా ఉంచడం దీనికి ఒక పరిష్కారం. పశ్చిమ ఆఫ్రికాలో మహిళలు పెద్ద ఎత్తున చేపలకు పొగబెడతారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సెనెగల్‌లోని శిక్షణ కేంద్రంతో కలిసి అక్కడి పాత పొయ్యిలను మెరుగుపరిచింది. కారే కొవ్వు నిప్పుల్లో పడకుండా మధ్యలో ఒక పళ్లెం పెట్టి, పొగను విడిగా పంపడం అందులో ముఖ్యమైన మార్పు. చేపలోకి చేరే హానికర పదార్థాలు తగ్గాయి. పొయ్యి ముందు కూర్చునే మహిళలు పీల్చే పొగ కూడా తగ్గింది.

సున్నితంగా పొగబెట్టి, గాలి తీసేసి ప్యాక్ చేసే చేపలతో వేరే ప్రమాదం ఉంది. అందులో బొటులిజం కలిగించే క్లాస్ట్రిడియం బాక్టీరియా పెరగొచ్చు. దానికి గాలి అక్కర్లేదు. అందులో ఒక రకం ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. 1963లో అమెరికాలో పొగబెట్టిన చేపల వల్ల బొటులిజం సోకి మరణాలు సంభవించాక, ఇలాంటి చేపలో ఉప్పు శాతం, నిల్వ ఉష్ణోగ్రతలపై నిబంధనలు కఠినమయ్యాయి.

అనుమతి ఉన్న రసాయనాలు ఏవి?

'కెమికల్' అనగానే భయపడాల్సిన పని లేదు. చేపలు, రొయ్యల్లో వాడటానికి చట్టం ఒప్పుకున్న రసాయనాలు కొన్ని ఉన్నాయి.

రొయ్యను పట్టాక కొన్ని గంటల్లో తల దగ్గర నల్ల మచ్చలు మొదలవుతాయి. అది కుళ్లు కాదు. కోసిన వంకాయ నల్లబడినట్టే ఎంజైము చేసే పని. కానీ నల్లబడిన రొయ్యకు ధర పడిపోతుంది. దాన్ని ఆపడానికి సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణంలో ముంచుతారు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పచ్చి రొయ్యలో సల్ఫైట్ కిలోకు 100 మిల్లీగ్రాములు మించకూడదని పరిమితి పెట్టింది. ఆస్తమా ఉన్న కొందరికి సల్ఫైట్ పడదు. అందుకే వాడినట్టు లేబుల్ మీద రాయాలి. ఎగుమతి రొయ్యకు ఈ పరీక్ష జరుగుతుంది. వీధి చివర బండి మీద అమ్మే రొయ్యకు అంత పకడ్బందీ పరీక్ష ఉండదు.

ఫాస్ఫేట్లు గడ్డకట్టించిన చేపలో నీటిని పట్టి ఉంచుతాయి. పరిమితిలో వాడితే కరిగించినప్పుడు చేప పొడిబారదు. ఎక్కువగా వాడితే కొనేవాడు చేప ధర పెట్టి నీరు కొన్నట్టవుతుంది. ఇక్కడ జరిగే నష్టం ఆరోగ్యానికన్నా జేబుకే ఎక్కువ.

ట్యూనాను కార్బన్ మోనాక్సైడ్‌తో శుద్ధి చేస్తే మాంసం ఎన్ని రోజులైనా ఎర్రగానే కనిపిస్తుంది. చేప చెడిపోతున్నా రంగు మాత్రం తాజాగా ఉంటుంది. అందుకే యూరోపియన్ యూనియన్ దీన్ని ఒప్పుకోదు. చేపను నిలవ ఉంచే రసాయనం ఒక రకమైతే, చేప నిలవ ఉన్నట్టు భ్రమ కలిగించే రసాయనం మరో రకం. చట్టం గీసే గీతల్లో చాలావరకు ఈ రెండింటి మధ్యే ఉంటాయి.

ఫార్మాలిన్ చేసే పనేమిటి?

ఫార్మాలిన్ అంటే నీటిలో కరిగించిన ఫార్మాల్డిహైడ్. సాధారణంగా దాని గాఢత 37 నుంచి 40 శాతం. ఆసుపత్రుల్లో కణజాల నమూనాలు, కళాశాలల్లో జంతువుల నమూనాలు భద్రపరచడానికి వాడేది ఇదే. ఇది ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. బాక్టీరియాను చంపుతుంది, కండను బిగుసుకుపోయేలా చేస్తుంది. అందుకే కుళ్లాల్సిన చేప కుళ్లకుండా గట్టిగా కనిపిస్తుంది.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) నిబంధనల ప్రకారం చేపల్లో దీన్ని కలపడానికి అనుమతి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. అయితే ఆ నిర్ణయానికి ప్రధాన ఆధారం దాన్ని గాలిలో పీల్చిన కార్మికులపై జరిగిన అధ్యయనాలు. తినడం వల్ల వెంటనే కనిపించే హాని నోరు, గొంతు, కడుపు మంట. మోతాదు ఎక్కువైతే వాంతులు, పుండ్లు.

ఈ తేడాను బట్టి చూస్తే మొదటి ముప్పు చేప తినేవాళ్లకన్నా ఫార్మాలిన్‌ను చేతులతో కలిపి, దాని ఆవిరి పీల్చే కూలీలకే. ఈ చర్చలో వాళ్ల ప్రస్తావన దాదాపు రాదు.

ఫార్మాల్డిహైడ్ కనిపిస్తే కల్తీ జరిగినట్టేనా?

కాదు. ఇక్కడే ఇందాక చెప్పుకున్న ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ మళ్లీ వస్తుంది. కొన్ని సముద్రపు చేపల్లోని ఎంజైము ఈ ఆక్సైడ్‌ను విడగొట్టినప్పుడు ఫార్మాల్డిహైడ్ సహజంగానే పుడుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో వానమట్టలని పిలిచే బాంబే డక్‌లో, కాడ్ జాతి చేపల్లో ఇది ఎక్కువ. చేపను గడ్డకట్టించి నెలల తరబడి ఉంచినా ఇది పెరుగుతూనే ఉంటుంది. ఎవరూ ఏమీ కలపకపోయినా పరీక్షలో ఫార్మాల్డిహైడ్ కనిపించవచ్చు.

చెరువు చేపల సంగతి వేరు. శీలావతి, బొచ్చె లాంటి మంచినీటి చేపల్లో ఈ ఆక్సైడ్ చాలా తక్కువ. కాబట్టి వాటిలో ఫార్మాల్డిహైడ్ ఎక్కువగా కనిపిస్తే అనుమానించడానికి బలమైన కారణం ఉన్నట్టే. కానీ 'ఉంది, లేదు' అని మాత్రమే చెప్పే పరీక్ష సరిపోదు. ఎంత ఉందో తేలాలి.

2018లో గోవాలో గందరగోళం ముదరడానికి కారణం ఇదే. మార్కెట్‌లో అక్కడికక్కడే చేసిన పరీక్షలో ఫార్మాలిన్ ఉందన్నారు. ఆ తర్వాత ప్రయోగశాల పరీక్షలో పరిమితికి లోబడే ఉందన్నారు. అప్పటికి దేశంలో చేపల్లో సహజ ఫార్మాల్డిహైడ్‌కు స్పష్టమైన పరిమితి లేదు. ఏ పరిమితికి లోబడి ఉందన్న ప్రశ్నకు జనానికి సమాధానం దొరకలేదు. 2019లో ఎఫ్ఎస్ఎస్ఏఐ చేపలను వర్గాలుగా విడదీసి పరిమితులు పెట్టింది. మంచినీటి చేపలకు, చాలా రకాల సముద్రపు చేపలకు కిలోకు 4 మిల్లీగ్రాములు. సహజంగానే ఎక్కువ పుట్టే రకాలకు పరిమితి అంతకన్నా ఎక్కువ.

పరీక్ష తప్పితే ఏమవుతుందో బంగ్లాదేశ్ అనుభవం చెబుతుంది. అక్కడ గాలిలో ఫార్మాల్డిహైడ్‌ను కొలవడానికి తయారైన పరికరంతో పండ్లను పరీక్షించి, 2014లో మామిడి సహా టన్నుల కొద్దీ పండ్లను ధ్వంసం చేశారు. ఆ పరికరం పండ్లను పరీక్షించడానికి పనికిరాదని తర్వాత తేలింది. ఫార్మాలిన్ అమ్మకాలను కట్టడి చేసేందుకు 2015లో ఆ దేశం ప్రత్యేక చట్టమే తెచ్చింది. లైసెన్స్ లేకుండా అమ్మకూడదనడం మంచి అడుగే. కానీ ధ్వంసమైన పండ్లకు రైతులు పెట్టిన పెట్టుబడి తిరిగి రాలేదు.

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ చేపల్లో ఫార్మాలిన్, అమ్మోనియాలను గుర్తించే కాగితపు పట్టీల కిట్లను రూపొందించింది. 2018 తనిఖీల్లో ఇవే బాగా ఉపయోగపడ్డాయి. అనుమానిత సరుకును పక్కన పెట్టడానికి ఇలాంటి కిట్ సరిపోతుంది. ఒక రాష్ట్రం నుంచి వచ్చే మొత్తం చేపను ఆపాలంటే మాత్రం ప్రయోగశాలలో తేలిన అంకె కావాలి.

ఫార్మాలిన్ లేని చేపంతా సురక్షితమేనా?

ఇదీ కాదు. ట్యూనా, కానాగంతలు, కవళ్లు లాంటి చేపలను కొన్ని గంటలు వేడిలో వదిలేస్తే బాక్టీరియా వాటిలో హిస్టమిన్ తయారుచేస్తుంది. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ రావచ్చు. చాలామంది దీన్ని చేప పడలేదని అనుకుంటారు. హిస్టమిన్ ఒకసారి తయారయ్యాక ఎంత ఉడికించినా, వేయించినా, పొగబెట్టినా పోదు. దాన్ని ఆపగలిగేది పట్టిన వెంటనే పెట్టే ఐసు ఒక్కటే.

ఎండుచేపకూ తన సమస్య ఉంది. సరిగా ఎండని చేపకు ఈగలు, పురుగులు పడతాయి. వాటిని తట్టుకోవడానికి పురుగుమందు చల్లే అలవాటును బంగ్లాదేశ్‌లోని ఎండుచేపల కేంద్రాల్లో పరిశోధకులు గుర్తించారు. దీనికి పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. సరిపడా ఉప్పు, నేల మీద కాకుండా ఎత్తు మీద ఆరబెట్టే వల తడికెలు, ఈగలు రాకుండా పైన దోమతెర.

కొనేవాళ్లు ఏం చూడాలి?

తాజా చేప మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బెత్తుగా మెరుస్తూ ఉంటాయి. వేలితో నొక్కితే కండ తిరిగి పైకి వస్తుంది. వాసన చెరువునో సముద్రాన్నో గుర్తుచేయాలి.

ఈ గుర్తుల్లో పొంతన కుదరకపోతే అనుమానించాలి. కళ్లు లోపలికి పోయి, మొప్పలు పాలిపోయి ఉన్నా, చేప రబ్బరులా బిగుసుకుని, నీచు వాసన అసలు లేకుండా ఉంటే అది సహజం కాదు. ముక్కుకు ఘాటుగా మందు వాసన తగిలితే కొనకపోవడమే మంచిది. ఈగలు వాలకపోతే ఫార్మాలిన్ ఉన్నట్టేనన్న మాట బాగా ప్రచారంలో ఉంది. దాన్నే రుజువుగా తీసుకోలేం. ఐసులో మునిగి ఉన్న మంచి చేప మీద కూడా ఈగలు పెద్దగా వాలవు.

నీటిలో కడిగి బాగా ఉడికిస్తే ఫార్మాల్డిహైడ్ కొంత తగ్గుతుంది. ప్రొటీన్‌తో ముడిపడిపోయిన భాగం పోతుందన్న భరోసా లేదు. కాబట్టి కడగడం జాగ్రత్తే తప్ప, మందు కలిపిన చేపను మంచి చేపగా మార్చే మార్గం కాదు.

అసలు మందు ఐసే

ఫార్మాలిన్ కథలో ఎవరో ఒక దొంగను పట్టుకుంటే సమస్య తీరిపోతుందన్న భావన బలంగా ఉంది. కలిపినవాళ్లను శిక్షించాల్సిందే. కానీ ఎవరైనా ఎందుకు కలుపుతారన్న ప్రశ్నకు సమాధానం లెక్కల్లో ఉంది.

మన వాతావరణంలో కిలో చేపకు దాదాపు కిలో ఐసు కావాలి. సుదూర ప్రయాణమైతే ఐసు కరిగేకొద్దీ దారిలో మళ్లీ నింపాలి. అంటే లారీ మోసే బరువులో సగం వరకు ఐసే. దానికి విద్యుత్తు ఖర్చు, మంచి నీటి ఖర్చు, డీజిల్ ఖర్చు ఉన్నాయి. వేడి తగలకుండా ఇన్సులేషన్ చేసిన వాహనం ఉంటే ఐసు ఆదా అవుతుంది. టార్పాలిన్ కప్పిన లారీలో ఆ వెసులుబాటు లేదు. ఐసు తగ్గించినకొద్దీ ఖర్చు తగ్గుతుంది, చేప పాడయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఆ ప్రమాదాన్ని చవకగా కప్పిపుచ్చే సీసా ఫార్మాలిన్.

2020లో కేంద్రం 20,050 కోట్ల రూపాయల అంచనాతో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ప్రారంభించింది. ఐసు ప్లాంట్లు, శీతల గిడ్డంగులు, ఇన్సులేషన్ వాహనాలు, ఐసు పెట్టెలతో చేపలు అమ్ముకునే వాహనాలకు అందులో సాయం ఉంది. ఇవి రేవు దగ్గరా, చెరువు గట్టు దగ్గరా, బజారులో గంప పెట్టుకుని కూర్చునే మహిళ దగ్గరా ఎంతవరకు చేరాయన్నదే అసలు పరీక్ష. తెల్లవారుజామున కొన్న చేపను మధ్యాహ్నం దాకా అమ్ముకోవాల్సిన ఆమెకు నీడ, నీరు, ఐసు పెట్టె ఉంటే చేప చెడదు. అవి లేని చోట నష్టం మొదట ఆమెది, తర్వాత కొన్నవాళ్లది.

అటు అస్సాంలో చేప కొనే కుటుంబానికి, ఇటు కైకలూరులో చెరువు గట్టున నిలబడ్డ రైతుకు కావాల్సింది ఒకటే: లారీలో సరిపడా ఐసు, దారి చివర నమ్మదగిన పరీక్ష. ఈ రెండింటిలో ఏది లోపించినా మరో వదంతి చాలు, మార్కెట్ మళ్లీ మూతపడటానికి.